అత్త తిట్లూ, ఒంటిమొక్క నాట్లూ

ఆ రోజుల్లో రైతుకి కొత్త పద్ధతి నేర్పాలంటే ఒక మైకూ, నాలుగు రంగుబొమ్మలూ, నాలాంటి మాటకారి కుర్రాడూ ఉంటే చాలనుకునేవాణ్ణి. మద్దిలపాలెంలో ఓ సంస్థలో కొత్తగా ఉద్యోగం. లేత వరిమొక్కల్ని ఒక్కొక్కటిగా, ఎడంగా నాటితే పిలకలు బాగా వేసి దిగుబడి పెరుగుతుందని ఊరూరా చెప్పడం నా పని. ఆనందపురం అవతల మా మేనమామ ఊళ్లో చెబితే అందరూ శ్రద్ధగా విని, టీ తాగి, ఎప్పటిలాగే గుత్తులు గుత్తులుగా నాటుకున్నారు. (టీ మాత్రం బాగుందన్నారు.)

చివరికి నా పరువు కోసం ఆయన మడిలోనైనా అలా నాటమని మావయ్య కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన మెత్తబడ్డాడు కానీ అత్తకి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. ఉన్నదే ఒక్క మడి. ఏడాది పొడుగునా ఇంటిల్లిపాదీ తినే బియ్యం అందులోంచే రావాలి. నాట్లయ్యాక క్యారేజీ పట్టుకొచ్చిన అత్త గట్టు మీదే నిలబడిపోయింది. మడి నిండా నీళ్లే, అక్కడక్కడ గడ్డిపోచల్లాంటి మొక్కలు.

"ఇదేటిరా? మామా అల్లుళ్లు కలిసి పిల్లల నోట్లో మన్ను కొట్టీసినారు గదరా," అంది.

అక్కణ్ణుంచి తిట్లు మొదలు. పొద్దున్నే నూతి దగ్గర మావయ్యతో మొదలెట్టి, నన్నూ, నా చదువునీ, నాకు ఉద్యోగమిచ్చిన మహానుభావుల్నీ వరసగా తిట్టేది. నారు చాల్లేదా బావా అని ఎవరైనా అడిగితే మావయ్య అవునని తలూపి తప్పించుకునేవాడు. నాకు మాత్రం నిద్ర పట్టేది కాదు. నిజంగా పండకపోతే వాళ్లేం తింటారు? ఆ ఊరి మీదుగా బస్సులో వెళ్లినా కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను.

అదృష్టం, మడి పచ్చగా ఏపుగా ఎదిగింది, గాదె నిండింది. మరుసటేడు వెళ్లి చూద్దును కదా, చుట్టుపక్కల మళ్లన్నీ ఎడం నాట్లే! నా ఉపన్యాసం ఇంత ఆలస్యంగా పనిచేసిందన్నమాట అని ఒకటే సంబరం. అందులో ఏ ముక్క నచ్చిందో తెలుసుకోవాలని ఆత్రం ఆగక, గట్టు చెక్కుతున్న పక్కమడి రైతుని అడిగాను.

"నీ మాటలు ఎవలికి గుర్తున్నాయల్లుడా?" అన్నాడాయన, పని ఆపకుండానే. "మీ అత్త తిట్లు మా ఈదంతా ఇనిపించీవి. కొన్నాళ్లకి టక్కున ఆగిపోనాయి. ఆవిడ నోరు మూసిందంటే మడిలో ఏదో ఉన్నట్టే గదా అని ఎల్లి సూసినాం."

ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే ఊళ్లకి వెళ్లి మాట్లాడుతుంటాను. ముందు వరసలో తలలూపే మగాళ్లని అట్టే పట్టించుకోను. వెనకాల గొణుక్కుంటున్న ఆడవాళ్లెవరా అని వెతికి, మైకు ముందు వాళ్లకిస్తాను. అలాంటి గొణుగుడు వినబడగానే సౌండు పెంచేసే ఆనాటి మాటకారి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు.