పులి ఏడాది కుట్టు

రిక్కార్టన్ స్టాపులో బస్సెక్కగానే ఫోన్‌లో పాత జపాను సినిమా పెట్టుకున్నాను. యుద్ధం రోజుల్లో తీసిందే. అందులో ఒకమ్మాయి వీధి మలుపులో నిలబడి, సైన్యంలోకి వెళ్లే అన్న నడుముకి కట్టుకునే గుడ్డ మీద అతను ప్రాణాలతో తిరిగి రావాలని దారినపోయే ఆడవాళ్లందరి చేతా ఒక్కో కుట్టు వేయిస్తోంది.

పక్క సీట్లోని జపాను ముసలావిడ నా ఫోన్ వైపు వంగింది.

"మా లెక్కలో నేను పులి ఏడాదిలో పుట్టాను," అంది ఇంగ్లీషులో. "పులి ఎంత దూరం పోయినా తిరిగొస్తుందట. అందుకని ఆ ఏడాది పుట్టిన మా చేత ఎక్కువ కుట్లు వేయించేవాళ్లు. మా వీధి కుర్రాళ్లందరికీ నేనే వేశాను."

నా కోటు బొత్తాం ఊడేలా ఉంది. "అయితే నాకూ ఒక కుట్టు వేయండి ఆంటీ," అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించింది. కోటు దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. సూది నా వేళ్ల మధ్య పెట్టింది.

"నువ్వే కుట్టుకో. నా చెయ్యి వద్దు. ఆ కుర్రాళ్లకి కుట్టిన చెయ్యి ఇది."

తర్వాత దిగేదాకా కిటికీలోంచి వాననే చూస్తూ కూర్చుంది.

ఆవిడ దారంతో నేనే కుట్టుకున్న ఆ బొత్తాం ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఆ కోటు వేసుకుని మాత్రం నేను దూరం డ్రైవ్ చేయను.