నీళ్లు తాగే ముందు

ఈ సంగతి జరిగిన రోజుల్లోనే రాయాలని ఉండేది. రాయడానికి నాకు అక్షరాలు చాలేవి కావు. మాది పాలమూరు. మా అమ్మానాన్నలు మొదట మట్టిపనికి, తరువాత బిల్డింగుల పనికి ఊళ్లు తిరిగారు. ఒకచోట బడిలో నా పేరు రాయించే లోపే అక్కడ స్లాబు పడేది, మేము మూట కట్టేవాళ్లం. పెళ్లయ్యాక కొండాపూర్‌లో నేనూ ఇటుకలు మోశాను. మేము మోసిన మేడలకు అద్దాలు బిగించారు. నేను మాత్రం ఏ బస్సు ఎటు పోతుందో పక్కవాళ్లను అడిగే ఎక్కేదాన్ని. అక్షరాలు దిద్దింది యాభై దాటాక, ఆ మేడల మధ్యే ఉన్న ఒక పెద్ద దవాఖానలో ఆయాగా చేరాక.

నా పని స్కానింగ్ గదుల దగ్గర. డాక్టర్ చదువు అయిపోయి, ఆ స్కానింగులూ ఎక్స్‌రేలూ చూడడం నేర్చుకోవడానికి మా దగ్గరికి ఏటా కొందరు పిల్లలు వస్తారు. ఆ ఏడు వచ్చినవాళ్లలో ఒక కోస్తా అమ్మాయి ఉండేది. మనిషి సన్నం, ఆకలి లావు. నా డబ్బాలోని జొన్నరొట్టెలో సగం ఆమెకే పోయేది.

వాళ్లకు నేర్పే పెద్ద డాక్టరును అందరం మేడం అంటాం. ఒకరోజు మేడం ముందు ఈ అమ్మాయి ఒక పేషెంటు పొట్ట మీద మిషను ఎంత తిప్పినా గర్భసంచి కనబడలేదు.

"ఊరంతా తిరిగావు, ఇల్లు దొరకలేదా?" అంది మేడం. "ఇంకో నెల నా పక్కన కూర్చుని చూడు."

ఆమెతో చేరినవాళ్లందరూ అప్పటికే సొంతంగా స్కాన్ చేస్తున్నారు. ఆ మధ్యాహ్నం ఆమె రొట్టె ముట్టలేదు.

"అంతా బూడిదలా ఉంటోందండీ అక్కా. ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియట్లేదు."

"నాకు అక్షరాలు గట్లనే కనవడ్తయి డాక్టరమ్మా. అన్నీ గుండ్రంగ, ఒక్క తీరు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. "అయితే ఒక బేరం. మీరు నాకు పొట్ట ఇవ్వండి, నేను మీకు అక్షరాలు ఇస్తాను."

"ముగ్గురు పిల్లలను మోసిన పొట్ట. జర పాతది. నడుస్తదా?"

"పాతదే కావాలండీ. అందులో దొరికితే ఇంకెవరిలోనైనా దొరుకుతుంది."

అప్పటి నుంచి పేషెంట్లు వెళ్లిపోయాక నేను మంచం ఎక్కేదాన్ని. పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి ఆమె వెతుక్కునేది. అది అయ్యాక, సీసా అడుగున మిగిలిన జెల్లీని స్టీలు ట్రేలో పరిచి వేలితో అక్షరం రాసేది. నేను దిద్దేదాన్ని, తుడిచేదాన్ని, మళ్లీ దిద్దేదాన్ని. మొదటిసారి తెర మీద నా గర్భసంచి దొరికినప్పుడు అది పిడికెడు బూడిదరంగు ముద్ద.

"గింత ఇంట్ల ముగ్గురు కిరాయి లేకుండ ఉన్నరా!" అన్నాను. ఆమె నవ్వుకు మిషను జారి బొమ్మ పోయింది. మళ్లీ మొదటి నుంచి వెతుక్కుంది.

గర్భసంచి కనబడాలంటే ముందు మూత్రసంచి నిండాలి. ఆ నీళ్లు తెర మీద నల్లగా కనిపిస్తాయి, గర్భసంచి వాటి వెనక ఉంటుంది. అందుకే వచ్చిన ఆడవాళ్లందరికీ "నీళ్లు తాగుండ్రి, బాత్రూంకు పోకుండ్రి" అని చెప్పడం నా పని.

నెల అయింది. "రేపు పొద్దున నా ముందు చెయ్యి. దొరికితే రెండో గది నీది. లేకపోతే ఇంకో నెల" అంది మేడం. పేషెంటును ఇబ్బంది పెట్టకుండా నా మీదే చేస్తానని ఆ అమ్మాయి అడిగితే సరేనంది.

మరునాడు మదీనాగూడలో బస్సు ఎక్కేముందే నీళ్లు మొదలుపెట్టాను. దవాఖానకు వచ్చి ఇంకో సీసా తాగాను. వాన పట్టుకుంది. మేడం నల్లగండ్ల నుంచి రావాలి. ఫోన్ చేస్తే ఫ్లైఓవర్ మీద కారు కదలడం లేదట. బయట వాన ధార, లోపల నా అవస్థ. నేల మీద తడిబట్ట వేస్తున్న తోటి ఆయా, నేను వదినా అని పిలిచే మనిషి, ఆగి చూసింది.

"ఏందే, గుడ్డు పెట్టే కోడి తీరు కూసున్నవ్?"

"నవ్వియ్యకే, నీ కాళ్లు మొక్కుత."

"అక్కా, వెళ్లొచ్చేయండి. మేడంకి నేను చెప్పుకుంటాను" అంది డాక్టరమ్మ. ఆమె మొహం చిన్నబోయింది.

"మల్ల నెలదాక కూసుంటవా? నేను పోను."

"అయితే మనసు నీళ్ల మీదికి పోనివ్వకండి. ఏదైనా చదవండి. అదిగో, ఆ గోడ మీద బోర్డు."

ఏళ్ల తరబడి నేను ఆ బోర్డు కిందే నిలబడ్డాను. ఎన్నడూ చదవలేదు. వేలు చాపి మొదలుపెట్టాను. "స్కా...నిం...గు...కు... వ...చ్చే... వా...రు..." ట్రేలో దిద్దిన అక్షరాలు ఒకటొకటే గోడ మీది నుంచి దిగివస్తున్నాయి. వదిన తడిబట్ట వదిలేసి వింటోంది. "నీ...ళ్లు... బా...గా... తా...గి... మూ...త్రం... ఆ...పు...కో...వ...లె...ను."

డాక్టరమ్మ తల పట్టుకుంది. వదిన నవ్వుతూ నేల మీద కూలబడింది. నేను నవ్వితే అంతా పోతుంది, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. రోజంతా నా నోటితో చెప్పే మాటే నా నెత్తి మీద రాసి ఉందని అప్పుడు తెలిసింది. అదే నేను పూర్తిగా చదివిన మొదటి వాక్యం.

మేడం తడిసిన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మంచం ఎక్కిన నా పొట్ట మీద డాక్టరమ్మ మిషను పెట్టగానే తెర వైపు చూసి, "ఇదేంటి, హిమాయత్‌సాగర్ నిండినట్టుంది. గేట్లు ఎత్తాలేమో" అంది. తెరంతా నలుపే. గర్భసంచి జాడ లేదు. డాక్టరమ్మ మిషనును అటూ ఇటూ జరిపింది.

"మరీ ఎక్కువ నిండింది మేడం. గర్భసంచి వెనక్కి నొక్కుకుపోయింది" అని ఆమె మిషనును మెల్లగా కిందికి వంచింది. ఆ నలుపు వెనక నా పాత ఇల్లు వచ్చి నిలబడింది.

మేడం వంగి తెర మీద చూసి తలూపింది. "రేపటి నుంచి రెండో గది నీది. ముందు ఆవిణ్ణి వదులు."

నేను అప్పటికే తలుపు దగ్గర ఉన్నాను.

మరునాడు పొద్దున అందరికంటే ముందు వచ్చాను. కౌంటరులో తెల్లకాగితం, మార్కరు అడిగి తీసుకుని, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టే రాశాను: "నీళ్లు తాగే ముందు డాక్టర్ వచ్చారా అని అడగండి." దాన్ని ఆ బోర్డు కింద ప్లాస్టరుతో అతికించాను. మొదట వచ్చినామె సీసా ఎత్తబోతూ కాగితం చూసి, మూత పెట్టి, నా వైపు తిరిగింది.

"డాక్టర్ వచ్చిండ్రా అమ్మా?"

"వచ్చింది. రెండో గదిల ఉన్నది. ఇగ తాగు" అన్నాను.