అనంతలక్ష్మమ్మ గారిలా ఉండాలని

స్టెల్లా తొమ్మిదో తరగతిలో ఉండగానే తన ముసలితనం ఎలా ఉండాలో తేల్చేసుకుంది. తోటి ఆడపిల్లలు పెళ్లి గురించి కలలు కంటుంటే ఈవిడగారు యాభయ్యో ఏటి గురించి కనేది. దానికంతటికీ కారణం వాళ్లమ్మ మార్తమ్మ వారపత్రికల్లోంచి చింపి, దబ్బనంతో కుట్టి దాచుకున్న ఒక సీరియల్. అందులో అనంతలక్ష్మమ్మ గారని ఒక పెద్దావిడ. సన్నంచు తెల్లచీర, వెండి ఫ్రేము కళ్లద్దాలు, ఒక చిరునవ్వు. నోరు విప్పదు. ఆవిడ గదిలోకి వస్తే చాలు, చొక్కాలు పట్టుకుని కొట్టుకుంటున్న అన్నదమ్ములు కూడా తగ్గి కూర్చుంటారు. బాపట్లలో ఆ కాగితాలు చదివిన పిల్ల, పెద్దయ్యాక నేనూ ఇంతే అనుకుంది.

అదే సీరియల్లో పక్కింటి పేరిందేవి అని ఇంకొకావిడ ఉంది. గోడ మీంచి తల పెట్టి "ఏం కూర?" అని అడగడమే ఆవిడ పని. పాఠకులు నవ్వుకోడానికి పెట్టిన పాత్ర. స్టెల్లా చివరికి ఎవరిలా తయారైందో వేరే చెప్పాలా?

నానక్‌రామ్‌గూడలో పదిహేడంతస్తుల అద్దాల భవనం. అందులో కింది అంతస్తున ఉద్యోగుల కోసం ఒక చిన్న వైద్యపు గది, రెండు మంచాలు, ఒక నర్సు. పదకొండేళ్లుగా ఆ నర్సు స్టెల్లాయే. మూసాపేటలో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఆఫీసు చేరేలోపు డ్రైవరుకి షుగరెంతుందో కనుక్కునేది. ఎవరైనా తలనొప్పని వస్తే, మాత్ర చేతిలో పడడానికి ముందు చాలా తతంగం ఉండేది. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, పొద్దున ఏం తిన్నావు, తినలేదా, ఎందుకు తినలేదు, హాస్టల్లో పెట్టరా, ఈ సంగతి మీ అమ్మకి తెలుసా. ఈ విచారణ కంటే జ్వరమే నయమని కొందరు పైనే ముడుచుకుని కూర్చునేవారట.

యాభై నిండిన వారంలోనే, భవనం వ్యవహారాలు చూసే వాసంతి మేడం పిలిచి ఉద్యోగులు రాసిన అభిప్రాయాలు చూపించింది. "సిస్టర్ మాత్ర ఒకటి ఇస్తారు, ప్రశ్నలు ఇరవై వేస్తారు" అని ఒకరు రాశారు. దాని కింద నలభై మూడు మంది అవునవునని మెచ్చుకున్నారు. స్టెల్లాకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి భర్త ఇమ్మాన్యుయేల్‌తో చెప్పుకుంటే ఆయన చూస్తున్న పేపరు మడవకుండానే, ఇరవయ్యేనా అన్నాడు.

ఆ రాత్రే నిర్ణయించుకుంది. ఇప్పటికైనా మించిపోయింది లేదు, అనంతలక్ష్మమ్మ గారిలా అయి తీరాల్సిందే. ఆదివారం చర్చికి సన్నంచు తెల్లచీర కట్టుకుంది. అద్దం ముందు చిరునవ్వు సాధన చేసింది. కూతురు దీవెన తొంగిచూసి, పన్ను నొప్పా మమ్మీ అని అడిగింది.

సోమవారం నుంచి వైద్యపు గది చర్చిలా నిశ్శబ్దమైపోయింది. వచ్చినవాళ్లకి మాత్ర, మంచినీళ్లు, చిరునవ్వు. అంతే. నిజాంపేట హాస్టల్ నుంచి వచ్చే శ్రావణి అనే పిల్ల కడుపులో మంటని వారంలో మూడుసార్లు వచ్చినా, ఏం తింటున్నావే తల్లీ అని అడగకుండా స్టెల్లా పళ్లు బిగబట్టుకుంది. అడగని ప్రశ్నలన్నీ లోపల పేరుకుని ఈవిడకే అజీర్తి పట్టుకుంది. వాసంతి మేడం మాత్రం ఎంత మార్పు అని మెచ్చుకుంది. పొగిడితే ఎవరికి చేదు? స్టెల్లా ఇంకొంచెం నెమ్మదిగా నడవడం మొదలుపెట్టింది.

పదకొండో రోజు మధ్యాహ్నం భోజనాల వేళ సెక్యూరిటీ సూపర్‌వైజర్ నరేందర్ వచ్చాడు. నానక్‌రామ్‌గూడలోనే పుట్టి పెరిగినవాడు, నలభై ఆరేళ్లుంటాయి. పొద్దున మిర్చీబజ్జీ తిన్నానని, గ్యాస్ పట్టిందని, జర మందియ్యమని అడిగాడు. ఏసీ గదిలో అతని కాలరు తడిసి ఉంది. స్టెల్లా చూసింది. చూడకేం, ముప్ఫై ఏళ్ల అనుభవం. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అనంతలక్ష్మమ్మ గారైతే అడుగుతారా? అడగరు. అతనికి సిరప్ పోసిచ్చి చిరునవ్వు నవ్వింది. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు.

మనసు మనసులో లేదు. సామాను సర్దింది, మళ్లీ సర్దింది. నాలుగు నిమిషాలు గడిచాక అద్దం తలుపులోంచి చూస్తే, లాబీ అవతల నరేందర్ వాకీటాకీని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుని దవడ రుద్దుకుంటున్నాడు.

ఇక పెద్దరికం ఏ గంగలో కలిసిందో తెలీదు. తలుపు తోసుకుని పరుగెత్తింది. భోజనానికి దిగుతున్న మూడొందల మంది ముందు, బాపట్ల చేపల బజారుకి వినపడేంత గొంతుతో, "నరేందర్, ఆగవయ్యా! ఆ దవడ ఎందుకు రుద్దుకుంటున్నావు? చెయ్యి లాగుతోందా? ఎప్పట్నుంచి?" అని అరిచింది.

"ఏం కాలె సిస్టర్, అందరు సూస్తున్రు" అన్నాడతను, నవ్వబోయి అక్కడే గోడకి జారగిలబడ్డాడు.

మాత్ర నమిలించడం, చక్రాల కుర్చీ, అంబులెన్సు, ఆసుపత్రి. గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. బతికాడు. అతని భార్య వచ్చి ఈవిడ రెండు చేతులూ కళ్లకద్దుకుంటుంటే స్టెల్లాకి సిగ్గుతో చచ్చినంత పనయింది. ఆ నాలుగు నిమిషాల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆ సీరియల్ కట్ట బయటికి తీసి, మళ్లీ మొదటి నుంచి చదివింది. పదకొండో వారంలో అనంతలక్ష్మమ్మ గారి భర్త పడక్కుర్చీలో కన్నుమూస్తాడు. ఆవిడ నిద్రపోతున్నాడనుకుని, భంగం కలిగించకుండా, గంటసేపు పక్కనే హుందాగా కూర్చుంటుంది. తొమ్మిదో తరగతిలో ఈ ఘట్టానికే స్టెల్లా వెక్కివెక్కి ఏడ్చింది. ఇప్పుడు చిర్రెత్తుకొచ్చింది. మహాతల్లీ, ఒక్కసారి లేచి నాడి పట్టుకుని చూడకూడదా! తరవాతి పేజీలో డాక్టరు కోసం చెప్పుల్లేకుండా పరుగెత్తింది పేరిందేవి. ఆ ముక్క అసలు గుర్తే లేదు.

రెండు నెలలకి నరేందర్ మళ్లీ డ్యూటీలో చేరి, బీపీ చూపించుకోడానికి వచ్చాడు. చేతికి పట్టీ చుట్టించుకుంటూ నెమ్మదిగా అన్నాడు.

"ఆ దినం మీరు ఏం అడగకపోతిరి సిస్టర్. రోజు గన్ని అడిగెటోళ్లు. మీరే అడుగుతలేరంటె నాకేం లేదనుకున్న. గందుకే లేసి బయటికి పోయిన."

స్టెల్లా ముఖం చూపించలేక బీపీ పట్టీ విప్పి, మళ్లీ చుట్టింది. గాలి కొడుతూ, రాత్రి ఏం తిన్నావని అడిగింది. అన్నమే తిన్నానని చెప్పి నరేందర్ కిటికీ వైపు చూశాడు.

"ఏం కూర?" అంది స్టెల్లా.