గీతకి దూరంగా ఒక చుక్క

ఆ పరిశోధన కేంద్రంలో ఆమెని అందరూ ఆఫీసమ్మ అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లోనూ లేరు, అక్కడ చిన్నకోడలు. మీటింగు గదుల తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి. ఎవరికి ఏ గది ఇచ్చారు, ప్రొజెక్టరు ఎందుకు వెలగడం లేదు, కాఫీ ఫ్లాస్కు ఏ మహానుభావుడి బల్ల కింద ఉండిపోయింది, ఇవన్నీ చూసుకోవడం ఆమె పని. పెద్ద చదువులు చదివినవాళ్ళకి గొడుగులు గుర్తుండవు కాబట్టి, వాటిని దాచే మూల కూడా ఆమె బల్ల పక్కనే ఉంది.

ఆ ఏడు కేంద్రానికి పెద్ద పనే వచ్చిపడింది. మనిషి పోయాక మిగిలినవాళ్ళకి ఏమవుతుందో ఐదు శాస్త్రాలు కలిసి తేల్చాలట. సాహిత్యం మాస్టారు పాతకాలపు శోకాల పాటలు పోగేస్తాడు. మెదడు మేడమ్ మనుషుల్ని స్కానరులో పడుకోబెట్టి, బుర్రలో ఏ మూల కదులుతోందో చూస్తుంది. గుండె డాక్టరు నాడి పట్టుకుంటాడు. సెలవుల మేడమ్, ఇంట్లో మనిషి పోతే ఎవరికి ఎంత సెలవివ్వాలో ప్రభుత్వానికి సలహా రాస్తుంది. లెక్కలాయన చదువు గణిత భౌతికశాస్త్రం. మిగతావాళ్ళ అంకెలన్నీ తెచ్చి ఒక సమీకరణంలో కూర్చోబెట్టడం ఆయన వంతు. కాలిన ఇనుము చల్లారినట్టే దుఃఖమూ ఒక పద్ధతిలో చల్లారుతుందని ఆయన నమ్మకం. మొదటి మీటింగులో ఎవరి గోల వారిది. దుఃఖం అంటే ఏమిటో తేలకుండానే కాఫీ అయిపోయింది. ఆఫీసమ్మ మళ్ళీ నింపుకొచ్చింది.

అప్పటికి ఆమె ఇంట్లో మనిషి పోయి నాలుగైదు నెలలవుతోంది. ఆ సంగతి ఆఫీసు గుమాస్తాకి తప్ప అక్కడెవరికీ తెలియదు.

పోయింది తోడికోడలు, అంటే బావగారి భార్య. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు గానీ, వీళ్ళిద్దరూ ఒకే వంటగదిలో ఇరవై ఏళ్ళు ఇమిడారు. మొదలు మాత్రం అంత బాగా జరగలేదు. కాపురానికొచ్చిన కొత్తలో చిన్నకోడలు పొయ్యి మీది పాలు పొంగిపోనిచ్చింది. అత్తగారు అందరి ముందూ దులిపేసింది. ఆ సమయంలో పెద్దకోడలు ముక్కులోంచి ఒక చిన్న శబ్దం చేసి, ఆపుకోలేక, గోడకి చెయ్యి ఆనించి నవ్వేసింది. చిన్నకోడలు స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంది. కాసేపటికి తలుపు చప్పుడైంది.

"ఏమే, ఎందుకా ఏడుపు? అత్తయ్య తిట్టిందనా, నేను నవ్వాననా?"

"నువ్వు నవ్వావనే!"

"అయితే సామెత నిజమేనన్నమాట. అత్త కొట్టినందుకు కాదట, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట!"

తలుపుకి అటూ ఇటూ ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఏది మాడినా, ఏది పగిలినా, ముందు ముక్కులోంచి ఆ శబ్దం, తర్వాత గోడకి చెయ్యి. అత్తగారు పోయారు, పిల్లలు ఎదిగారు, ఆ నవ్వు మాత్రం మారలేదు. చివరికి పెద్దకోడలు జబ్బు చేసి మంచాన పడినప్పుడు కూడా, చిన్నకోడలు మందుసీసా జారవిడిస్తే నవ్వింది. అప్పుడు గోడ అందలేదు, మంచం పట్టె పట్టుకుంది.

ఆమె పోయిన రోజు చిన్నకోడలు ఏడవలేదు. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, గ్లాసులు కడిగింది, మళ్ళీ ఇచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల ఏమీ లేదు. కరెంటు పోయిన ఇల్లులా ఉంది, అంతే.

"అది గుండె కాదు, బండరాయి" అని ఆడపడుచు పక్కగదిలో అంది. గోడలు పల్చనివి కాబట్టి వినబడింది.

భర్త ఎదురుగానే అడిగాడు. "అక్కా అక్కా అని తిరిగేదానివి. ఒక్క చుక్క రాలలేదేమే నీకు?"

ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళింది. సెలవు అడిగితే ఆఫీసు గుమాస్తా, "తల్లా, తండ్రా, తోబుట్టువా?" అన్నాడు. తోడికోడలంటే, "దానికి సెలవు లేదమ్మా" అన్నాడు, పాపం మెల్లగానే. మర్నాడే వచ్చి మీటింగు గది తాళం తీసింది. ఆ తర్వాత నెలలూ అలాగే నడిచాయి. తింటోంది, నిద్రపోతోంది. ఒక్కటే లోపల పురుగులా తొలుస్తోంది: ఇరవై ఏళ్ళ ప్రేమ నిజమైతే ఏడుపు రావాలి కదా? రాలేదంటే, అన్నాళ్ళూ నటించానా? నేను నిజంగా రాయినేనా?

ఇలా ఉండగా మెదడు మేడమ్ ఒక మధ్యాహ్నం వరండాలో పట్టుకుంది. పోల్చి చూడ్డానికి, ఎవరినీ పోగొట్టుకోని మనుషులు కూడా కావాలట. రావలసిన ఒకాయన రాలేదట.

"అరగంట పడుకుంటే చాలు ఆఫీసమ్మా. ఈ రెండేళ్ళలో మీ అమ్మా నాన్నా గానీ, మీవారు గానీ, పిల్లలు గానీ, తోబుట్టువులు గానీ పోయారా?"

ఆఫీసమ్మ ఒక్కొక్కరినే తలుచుకుంది. అందరూ ఉన్నారు.

"లేదండీ" అంది. అందులో అబద్ధం లేదు.

స్కానరు లోపల టకటకా చప్పుడు. చెవులకి ఏవో తగిలించారు, వేలికి నాడి చూసే క్లిప్పు పెట్టారు. ముందు ఎవరెవరివో ఏడుపులు వినిపించారు, తర్వాత మాటలు, తర్వాత నవ్వులు. ఆమె పైనున్న ప్లాస్టిక్ అతుకు వంక చూస్తూ పడుకుంది. ఏమీ అనిపించలేదు. బయటికొచ్చి, చెప్పులేసుకుని, కాఫీ ఫ్లాస్కు నింపడానికి వెళ్ళింది.

కొన్ని వారాలకి అంకెలు చూసుకునే మీటింగు పెట్టారు. తెర మీద లెక్కలాయన గీత, దాని చుట్టూ మనిషికొకటి చొప్పున చుక్కలు. ఎవరినీ పోగొట్టుకోనివాళ్ళ చుక్కలన్నీ కింద బుద్ధిగా కూర్చున్నాయి. ఒక్కటి మాత్రం ఎక్కడో పైన, తప్పిపోయిన పిల్లలా ఉంది.

"ఇది యంత్రం తప్పు. తీసేద్దాం" అన్నాడు లెక్కలాయన.

"నాడి కూడా సరిగ్గా అప్పుడే ఎగిరింది. రెండు యంత్రాలూ కూడబలుక్కున్నాయా?" అన్నాడు గుండె డాక్టరు.

"అదే నాకూ అర్థం కావట్లేదు" అంది మెదడు మేడమ్. "ఏడుపులకి కదల్లేదు, మాటలకి కదల్లేదు. నవ్వుల్లో కూడా ఒకే ఒక్క నవ్వుకి కదిలింది. ఇదిగో, వినండి."

మీట నొక్కింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడమనిషి నవ్వు. ముందు ముక్కులోంచి ఒక చిన్న శబ్దం, ఆ తర్వాత ఆపుకోలేనితనం.

ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఆఫీసమ్మ కదల్లేదు.

"ఆ చుక్క నాదేనాండీ?" అంది.

అందరూ వెనక్కి తిరిగారు. ఎవరి చుక్కో పైకి చెప్పకూడదన్నది వాళ్ళ నియమం. మెదడు మేడమ్ తల దించుకుంది, దాంతో చెప్పినట్టే అయింది.

"అది యంత్రం తప్పు కాదండీ. మా ఇంట్లో మనిషి పోయింది."

"మరి లేదన్నారు కదా, ఆఫీసమ్మా?"

"మీరడిగినవాళ్ళెవరూ పోలేదు. మా తోడికోడలు పోయింది."

సెలవుల మేడమ్ తన కాగితాల్లో దగ్గరి బంధువులెవరో రాసుకున్న పేజీ తీసింది. అక్కడ ఉన్నవాళ్ళందర్నీ పైనుంచి కిందికి చదువుకుని, కలం మూత తీసింది.

"ఏడుపుకి కదలని మనిషి నవ్వుకి..." అని మొదలుపెట్టాడు సాహిత్యం మాస్టారు. సామెత నోటి చివరిదాకా వచ్చినట్టుంది. మింగేశాడు.

"అవునండీ" అంది ఆఫీసమ్మ. "తోడికోడలు నవ్వినందుకే."

లెక్కలాయన వేలు ఇంకా కంప్యూటరు మీదే ఉంది. "ఈ గుంపులో ఉంచితే లెక్క తప్పవుతుంది. తీసెయ్యక తప్పదమ్మా" అన్నాడు, ఈసారి కొంచెం ఇబ్బందిగా.

"మీ లెక్క మీ ఇష్టమండీ. తీసేస్తే తీసెయ్యండి. నాకు తెలియాల్సింది తెలిసింది" అంది. తర్వాత మెదడు మేడమ్ వైపు తిరిగింది. "ఆ నవ్వు ఒక్కసారి మళ్ళీ పెడతారా?"

మేడమ్ మీట నొక్కింది. ఆఫీసమ్మ ఫ్లాస్కుని జాగ్రత్తగా కింద పెట్టి, గోడకి చెయ్యి ఆనించి, ఏడ్చింది.