జమున తిరిగిచ్చిన నారింజ జెర్సీ

జమునకు కోపం రావడం తక్కువ. వర్క్‌షాపులో ఎవరైనా మాట తూలినా విననట్టే ఉండి పనిలో పడేది. అలాంటి మనిషి కిందటి డిసెంబరులో మూడు రోజులపాటు అన్నం ముద్ద దిగక కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఆమెకు ముప్పై ఒకటో ఏడు. తండ్రి పోశం బొగ్గు గనిలో పనిచేసి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ ఉద్యోగం కూతురికి వచ్చింది. గోదావరిఖని పక్కనున్న ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపులో ఫిట్టర్‌కు హెల్పర్. క్వార్టర్ నుంచి గనికి ఏడు కిలోమీటర్లూ సైకిలే. డ్యూటీ దిగాక నేరుగా ఇంటికి రాకుండా, ఎప్పుడో గని తవ్వి పోసిన పాత మట్టిగుట్టల మీదికి సైకిల్ ఎక్కించేది. రాళ్లు జారే ఏటవాలు దారిలో కాలు కింద పెట్టకుండా పైదాకా పోవడం ఆమెకు ఇష్టం.

"బస్సెక్కి రారాదే, గా గుట్టలల్ల ఏమున్నదే నీకు?" అని తల్లి ఐలవ్వ రోజూ తిట్టేది. రోజూ స్నానానికి వేణ్ణీళ్లూ పెట్టేది.

ఆ గుట్టల మీదే ఆదిత్య ఆమెను చూశాడు. అదే గనిలో కొత్తగా చేరిన ఇంజనీరు. కోస్తా వాళ్లబ్బాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. వేలితో ఎత్తగలిగే తేలికపాటి సైకిల్ అతనిది. డిసెంబరులో ఒక సైకిల్ క్లబ్బు నాలుగు రోజుల పందెం పెడుతోందనీ, ఆడామగా కలిసిన జట్ల విభాగంలో తనతో దిగమనీ అడిగాడు.

"నాకేం తెల్సు సార్ పందేలు?"

"నీకు ఎక్కడం తెలుసు. మిగతాది నేను చెప్తాను" అన్నాడు.

చెప్పాడు కూడా, ఓపిగ్గానే. జట్టుకు ఇద్దరు. రోజుకో దారి, నాలుగు రోజుల సమయాలూ కలిపి లెక్క. ఇద్దరిలో ఒకరు ఎంత ముందొచ్చినా లాభం లేదు, వెనకున్న వాళ్ల చక్రం గీత దాటినప్పుడే గడియారం ఆగుతుంది. దారిలో తనిఖీ చోట్లు ఉంటాయి. అక్కడ ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం వస్తే గంట శిక్ష. తోటి మనిషిని వీపు మీద చెయ్యేసి తోయవచ్చు. పందెంలో ఉన్న వేరే జట్టు సామాను ఇవ్వచ్చు. బయటివాళ్ల సాయం మాత్రం ఏ రకంగానూ తీసుకోకూడదు, తీసుకుంటే ఇద్దరూ ఇంటికే. జమునకు ఆ నియమాలు నచ్చాయి. గనిలోనూ అంతే కదా, జత మనిషిని వదిలి పైకి రారు.

మొదటి రోజు రామగుండం దగ్గర కాలువ గట్ల మీద ఆదిత్య గాలిని చీల్చుకుంటూ ముందు నడిపాడు. ఆమె అతని చక్రం వెనకే ఒదిగి వచ్చింది. ముందున్న జట్టుకిచ్చే నారింజ రంగు జెర్సీలు ఇద్దరికీ తొడిగారు. ఐలవ్వ ఫోన్లో ఆ ఫోటో చూసి వాడకట్టంతా తిరిగి చూపించింది.

రెండో రోజు అడవిలో ఎక్కుడు దారి. ఆదిత్య కాళ్లు సగంలోనే మొరాయించాయి. జమున పక్కకు వచ్చి అతని నడుము పైన అరచెయ్యి ఆనించి, ఒంటి చేత్తో తన సైకిల్ నడుపుకుంటూ తోసింది. పైన కెమెరా మనిషి కనబడగానే అతను పళ్లు బిగించి, "చెయ్యి తియ్యి! రేపు గనిలో అందరూ చూస్తారు" అన్నాడు. తీసింది. అతను దిగి నడిచాడు. ఎక్కే మనిషి పక్కన నడిచే మనిషి ఇంకా అధ్వానంగా కనిపిస్తాడని ఆమె అనుకుంది.

ఆ మధ్యాహ్నమే జమున ట్యూబు పగిలింది. తెచ్చుకున్నది అప్పటికే వాడేశారు. రెండో స్థానంలో ఉన్న యమున, రామకృష్ణాపూర్‌లో ఆటలు నేర్పే టీచరమ్మ, ఆగి తన దగ్గరున్నది తీసిచ్చింది. "ఊకె సూస్తున్నవేంది, ఎక్కియ్యి జల్ది" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

మూడో రోజు బసంత్‌నగర్ వైపు పొడవాటి ఎర్రమట్టి ఎక్కుడు. మొదట్లోనే ఆదిత్య, "నువ్వు ముందు పో. రెండు నిమిషాల లోపు వచ్చేస్తాను" అన్నాడు. జమున పోయింది. సగం దూరంలో మలుపు దగ్గర, వస్తున్నాడో లేదోనని కిందికి చూసింది.

కింద దుమ్ము లేస్తోంది. అందులో ఒక మోటారుసైకిల్. నడుపుతున్నవాడు ఆదిత్య గదిలోనే ఉండే స్నేహితుడు. అతని భుజాన్ని పట్టుకుని, తొక్కకుండా, దర్జాగా సైకిల్ మీద కూర్చుని ఆదిత్య పైకి వస్తున్నాడు. మలుపుకు కొంచెం ముందు చెయ్యి వదిలేసి, మూతి తుడుచుకుని తొక్కడం మొదలుపెట్టాడు. నుదుటి మీద చెమట బొట్టు లేదు.

"గదేంది సార్?"

"ఏది?"

"మోటర్‌సైకిల్."

"ఒక్క ఎక్కుడే కదా. గెలిస్తే నీకూ పేరేగా."

"నేను నూకితే వద్దంటిరి."

"నువ్వు తోస్తే నలుగురూ నవ్వుతారు జమునా. ఇదైతే ఎవరూ చూడరు."

జమున చూసిందని అతనికి తెలుసు. అయినా ఎవరూ చూడరన్నాడు. మిగిలిన ముప్పై కిలోమీటర్లూ అతని పక్కనే తొక్కింది. ఆ పక్కన ఉండటమే రోతగా ఉంది. అతను ఇచ్చిన నీళ్ల సీసా పుచ్చుకోలేదు.

గీత దాటాక మళ్లీ జెర్సీ తొడిగారు. మైకులో వాళ్ల పేర్లు. యమున వచ్చి, "మస్తు ఎక్కినవ్ అక్కా" అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకుని జమున గుడారం వెనక్కి పోయి కక్కుకుంది. నోరు కడుక్కుని, జెర్సీ విప్పి మడతపెట్టుకుని, ముఖ్య జడ్జి బల్ల దగ్గరికి నడిచింది. జడ్జి నడివయసు ఆవిడ.

"మా సారు మోటర్‌సైకిల్ పట్టుకున్నడు మేడం. నేను సూసిన" అని జెర్సీ బల్ల మీద పెట్టింది.

ఆవిడ కళ్లద్దాలు తీసి చూసింది. "నీ పేరు కూడా పోతుందమ్మా. జట్టంటే ఇద్దరూ ఒకటే."

"తెల్సు."

ఆదిత్యను పిలిచారు. మొదట నవ్వాడు, తరవాత ఆమెకు ఎండ దెబ్బ తగిలిందన్నాడు. డిసెంబరు ఎండ! జడ్జి అతని సైకిల్ మీటరు అడిగి తీసుకుంది. ఆ ఎక్కుడులో మలుపు దాకా అందరికీ పావుగంట పడితే అతనికి ఆరు నిమిషాలు పట్టినట్టు అందులోనే ఉంది. ఇద్దరినీ తీసేశారు.

బయటికొచ్చాక ఆదిత్య ఆమె ముఖంలోకి చూడకుండా, "సోమవారం డ్యూటీకి రావా ఏంటి నువ్వు?" అన్నాడు.

"నీ అసుంటోనికి భయపడి డ్యూటీ మానుతనా?" అంది. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసరును నువ్వు అంది. అన్నందుకు బెదరలేదు.

మర్నాడు యమున జట్టు గెలిచింది. అభినందించడానికి వెళ్తే యమున చేతులు కట్టుకుని నిలబడింది. "మొదటి రోజు సుత గట్లనే చేసిండ్రేమో, ఎవలకెర్క?" అంది. జమున ట్యూబు తిరిగిద్దామని తెచ్చింది. బల్ల మీద పెట్టేసి వచ్చింది.

ఆ తరవాత మూడు రోజులూ ముద్ద దిగలేదు. అతని మీద రోత ఒక ఎత్తు, ఆ ఎక్కుడు తరవాత ముప్పై కిలోమీటర్లు నోరు మూసుకుని తొక్కి, జెర్సీకి చేతులు చాచిన తన మీద రోత ఇంకో ఎత్తు. ఐలవ్వ బతిమాలి చూసింది, కసిరి చూసింది. చివరికి, "చెప్పినవ్ గదా బిడ్డా. ఇగ తిను" అని పప్పన్నం కలిపి నోటికందించింది. తిన్నది.

గనిలో మాత్రం ఆదిత్య, హెల్పరమ్మ దమ్ము చాలక మధ్యలో వదిలేసిందని చెప్పుకున్నాడు. కొందరు నమ్మారు. ఇప్పటికీ వర్క్‌షాపులోకి అతను వస్తే డ్యూటీ కాబట్టి జమున లేచి నిలబడాలి. నిలబడుతుంది. అతను అటు పోగానే కుళాయి దగ్గరికి పోయి థూ అని ఉమ్ముతుంది.

ఈ ఏడు పందేనికి ఆడవాళ్ల జట్లలో, క్యాంటీన్‌లో పనిచేసే సారక్కను జతగా పెట్టుకుని పేరు రాయించింది. సారక్కకు ఇంకా గేర్లు మార్చడం సరిగ్గా రాదు. ఆదివారం ఆదివారం ఇద్దరూ గుట్టలెక్కుతున్నారు.