బురద తొక్కి చూసే పడవాయన

పులికాట్ సరస్సులో దీవులు చూపించడానికి మమ్మల్ని తీసుకెళ్లిన పడవాయన పేరు నేను అడగలేదు. అడగాలని తోచేంత వినయం అప్పట్లో నాకు లేదు. ప్రతి దీవి దగ్గరా ముందు తనే దిగి, కుడికాలితో బురద నొక్కి చూసి, ఆ తర్వాతే మమ్మల్ని దిగనిచ్చేవాడు.

రెండో దీవి దగ్గర నాకు ఓపిక నశించింది. అవతలి పక్క ఫ్లెమింగోల గుంపు కనిపిస్తోంది. కొత్త తెల్ల ప్యాంటు పైకి మడిచి లేచాను.

"ఆ పక్క దిగబాకండి సార్, ఊబి," అన్నాడు.

"నాకు తెలుసులే," అని దూకాను. తొడల దాకా కూరుకుపోయాను. "చచ్చిపోతున్నా!" అని నేను పెట్టిన కేకకు ఫ్లెమింగోలన్నీ లేచిపోయాయి.

"కదలబాకండి. అట్నే ఎనక్కి వాలి కూర్చోండి," అంటూ ఆయన పడవలోని చెక్కపలక తీసి నా వెనక పరిచాడు. బుద్ధిగా కూర్చున్నాను. చంకల కింద చేతులేసి బయటికి లాగాడు. పడవంతా నవ్వింది, అందరికంటే ముందు నా భార్య. ఆయన మాత్రం నవ్వలేదు.

మూడో దీవిలో మామూలుగానే తొక్కి చూసి, అందరికీ వినబడేలా అన్నాడు: "సార్‌కి ఇప్పుడు బురద సంగతి బాగా తెలుసు. సార్ ముందు నడుస్తారు, మీరు ఎనకాల రండి."

నేను ఛాతీ విరుచుకుని నడిచాను. నన్ను చూసి ఇక ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక, మూడో దీవిలో నా భార్య తన ఫోన్లో తీసిన ఫొటో చూశాను. అందరికంటే ముందు నేను, నాయకుడిలా చెయ్యి చాపి. నా వెనకే ఆయన, నా చొక్కా కొసను పిడికిట్లో గట్టిగా పట్టుకుని.