జడ్జి చదవని కాగితాలు

కువైట్ యుద్ధం అయిపోయి నెలలు గడిచినా, సౌదీలోని అల్ ఖోబర్‌లో మా ఆస్పత్రి కిటికీలకు బాంబుల భయంతో అంటించిన టేపుల జిగురు మాత్రం పోలేదు. ఎంత గోకినా పోదు. ఆ కిటికీ పక్క మంచం మీదే కడప జిల్లా అమ్మాయి ఒకతె ఉండేది, కాలికి కట్టుతో. నేనక్కడ నర్సుని. వార్డు మొత్తానికి తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆమె మాట నా నోటి గుండానే బయటికి పోవాలి. నా నోరు పడిపోను, ఏం నోరది!

ఆమె ఇంటిపనికి వచ్చిన పిల్ల. వాళ్లుండే సరిహద్దు ఊరు ఖఫ్జీ మీద గుండ్లు పడ్డప్పుడు ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, కుటుంబంతో ఖోబర్ వచ్చేశాడు. యుద్ధం ఆగాక ఖఫ్జీ ఇల్లు కడిగించాలని చెప్పి, భార్యాపిల్లల్ని ఇక్కడే ఉంచి ఈమెనొక్కదాన్నే తీసుకుపోయాడు. అక్కడున్న తొమ్మిది రోజులూ ఆమెను చెరిచాడు. తిరిగొచ్చిన వారానికి మళ్లీ ఖఫ్జీకి బయల్దేరమంటే మేడ మీంచి దూకేసింది.

పోలీసులు వచ్చి ఏం జరిగిందో చెప్పమన్నారు. నేను పక్కన నిలబడి ఆమె మాటలు ఇంగ్లీషులో చెబుతున్నాను. నాలుగు మాటలకే ఆపేసింది.

"నేను ఇంత సెప్తే నువ్వు ఇంతే సెప్తాండావక్కా. నేనే రాసిస్తా."

నిజమే. కొన్ని మాటలు నా నోట రాలేదు, మింగేశాను. సిగ్గేసి, మందుల చార్టుల వెనక తెల్లగా ఉన్న కాగితాలు తెచ్చిచ్చాను. ఐదో తరగతి చదువు. నాలుగు పేజీలకు మూడు రోజులు పట్టింది. ఏ రోజు, ఏ గదిలో, వాడేమన్నాడు, తానేమని బతిమాలింది, అన్నీ రాసింది. చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

"ఇది జడ్జి సదవాల, వాని ముందర్నే. వాన్ని జైల్లో ఏస్తారో ల్యాదో, అది వాళ్లిష్టం. నా మాట ఇనాల" అంది.

"వింటారే పిచ్చిదానా! ఇంగ్లీషులో రాసి నేనే ఇస్తాగా" అన్నాను. రాశాను కూడా.

ఇవ్వబోయేలోగానే ఆస్పత్రి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బల్ల మీద ఒక అరబ్బీ కాగితం ఉంది. పాకిస్తానీ గుమాస్తా చదివి చెప్పాడు. యజమాని కొట్టానని ఒప్పుకుంటాడు. అంతకు మించి తనకు ఏ ఫిర్యాదూ లేదని ఈమె సంతకం పెట్టాలి. పెడితే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపిస్తాడు. ఎవరెవరు కూర్చుని ఈ రాజీ కుదుర్చుకున్నారో నాకు తెలియదు. పడ్డది ఆమె, ఆమెను మాత్రం ఒక్కడూ పిలవలేదు.

"ఆమె రాసిన పేజీలున్నాయి" అన్నాను.

"సిస్టర్, ఉస్కో సమ్‌ఝావ్. ఘర్ జానా హై, యా జేల్?" అన్నాడు గుమాస్తా, ఇంటికో జైలుకో తేల్చుకోమని ఆమెకు నచ్చజెప్పమన్నట్టు. చెరిచాడని రుజువు కాకపోతే, తప్పు ఆమెదేనని ఆమెనే లోపలేస్తారట. తర్వాత గొంతు తగ్గించి, నా ఇకామా, అంటే ఆ దేశంలో ఉండే పర్మిట్టు, కూడా ఈ ఆస్పత్రి పేరు మీదే ఉంది కదా అని అడిగాడు. చెడ్డవాడేం కాదు, భయపడి భయపెట్టాడు.

కాగితం తీసుకుని మంచం దగ్గరికి వెళ్లాను.

"ఏముందక్కా దాంట్లో?"

"ఇంటికి పోవడానికే. సంతకం పెట్టు."

"మరి నా కాగితాలు?"

"వెనకాల జత చేస్తారు."

ఆమె మొహం తేటపడింది. వేళ్లు తుడుచుకుని, "ఇంటిపేరు గూడా రాసేదా అక్కా?" అని అడిగింది. రాయమన్నాను. తెలుగులో, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాసింది.

ఛీ, ఏం బతుకు నాది! ఉన్నదున్నట్టు చెప్పి, నీ ఇష్టమమ్మా అనుంటే ఆమె కూడా ఎగ్జిటే అడిగేదేమో. అడగనీ. ఆ మాటైనా ఆమెది అయ్యేది. వాడు ఆమె నోరు మూశాడు సరే, మిగిలిన కాస్తా నేను మూశాను. ఇంటికి పంపించి మేలు చేశానని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. నా ఉద్యోగం కాపాడుకున్నాను, అంతే.

కొన్నేళ్లకు నేనూ విజయవాడ వచ్చేశాను. ఆమె అక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు చేతిలో పెట్టిన మా ఇంటి నంబరుకు ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతోంది.

"అక్కా, ఒక్కటే మాట అడగాల. జడ్జి నా కాగితాలు సదివినాడా?"

ఆ నాలుగు పేజీలూ నా బీరువాలో, చీరల కింద ఉన్నాయి.

"చదివాడమ్మా."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. తల దించుకున్నాడు."

"వాడు ఉన్న్యాడా ఆడ, సదివేటప్పుడు?"

"ఉన్నాడు."

అవతల ముక్కు చీదుకుంది.

"సాలక్కా. నా మాట ఇన్న్యారు."